అద్దెకిచ్చిన పేరు

లోపల నవ్వుతున్నారు. అద్దాల తలుపుకి అవతల, ఏసీ గదిలో, పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతూ నవ్వుతున్నారు, అందరికంటే గట్టిగా మురళీధర్ నవ్వుతున్నాడు, బెయిలు మీద తిరుగుతున్న మనిషికి అంత నవ్వు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తోందో అనుకుంది త్రిపురసుందరి, అనుకుంటూనే చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది, అయినా తుమ్ము ఆగలేదు. ఏడాదిన్నరగా తాళం పడి ఉన్న ఫ్యాక్టరీ ఇది, నాచారంలో ఈ రోడ్డు మీద ఉన్నవాటిల్లో పెద్దదేమీ కాదు, ఇవాళ పొద్దున్నే తెరిచారు, ఫ్యాన్ల రెక్కలకీ కిటికీ ఊచలకీ ఎర్రటి నుసి పేరుకుని ఉంది, ఊపిరి పీలిస్తే గొంతు గరగరలాడుతోంది, కారం ఘాటు అనుకోవాలి కాబోలు, కారమైతే కదా, కారం అనుకుని జనం అన్నంలో కలుపుకున్నదేదో అది. పక్క కుర్చీలో ఆమె భర్త పరంధామయ్య పేపరు తిరగేస్తున్నాడు, చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాడు, రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అన్న వార్త మీద వేలు పెట్టి కూర్చున్నాడు, ఈ గదిలో జరిగేది తప్ప ప్రపంచంలో జరిగే ప్రతిదాని మీదా ఆయనకి శ్రద్ధే. ‘కాసేపు కూర్చోండి పిన్నిగారూ, కాయితాలు సరిచూసుకుని పిలుస్తాం’ అని లాయరు కమలకుమారి లోపలికి వెళ్ళి చాలాసేపయింది. ఇవాళ త్రిపురసుందరి తన పేరు అమ్మడానికి వచ్చింది. అమ్మడమంటే అమ్మడమే. ఏడేళ్ళ కిందట అద్దెకిచ్చింది, అద్దెకున్నవాడు కొంప తగలబెట్టాడు, ఇప్పుడు ఆ మసిబారిన గోడలు చవగ్గా కొనుక్కోడానికి పెద్ద కంపెనీ వాళ్ళొచ్చి టీ తాగుతున్నారు.

పేరు. ఆ పేరుతో తనని నిండుగా పిలిచినవాళ్ళు ఎవరున్నారని? అమ్మకి సుందు. బళ్ళో పంతులుగారికి త్రిపుర. అత్తగారైతే కాపరానికొచ్చిన మర్నాడే ‘అంతేసి పేరు పిలవడానికి నా నోటికి ఓపిక లేదమ్మా’ అని సుందరి చేసేసింది, ఈయనకి ‘ఇదిగో’, కూతురు ధనశ్రీకి అమ్మ, ఉప్పల్లో వీధంతటికీ కారప్పొడి పిన్నిగారు. రేషను కార్డులో ఒక అక్షరం ఎగరగొట్టారు, ఓటరు లిస్టులో ఇంకో అక్షరం ఎగిరింది. అక్షరం పొల్లుపోకుండా ఆ పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నది పసుపుపచ్చ పొట్లం మీద, ఎర్రటి అక్షరాలతో, పక్కనే తన ముఖం. సిగ్గేసింది, గర్వమూ వేసింది, వంటింట్లోకి వెళ్ళి పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండోసారి ఆ పేరు ఎవరో నోరారా పలికింది టీవీలో. మెడలో టై కట్టుకున్న మనిషి, ఒక్కో అక్షరం విడదీసి, నములుతున్నట్టు, త్రి-పు-ర-సుం-ద-రి కారంలో విషం! వెనక ఢమఢమ చప్పుళ్ళు. తన ముఖం మీద ఎర్రటి ప్రశ్నార్థకం. ఆ ముఖం మీద నుంచి అక్షరాలు పాకుతూ వెళ్ళాయి, బాలింతల ప్రాణాలతో చెలగాటం, ఎవరీ త్రిపురసుందరి? ఎవరో తెలుసుకోడానికి ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. వీధి చివర నిలబడి ఇంటి గోడని కెమెరాలో తీసుకుని వెళ్ళిపోయారు. సున్నం వెలిసిన గోడ, దాని మీద మునక్కాడల చెట్టు నీడ. అదీ దోషమే అయినట్టు మూడు రోజులు అదే గోడ చూపించారు.

బాలింతల కోసమే మొదలుపెట్టింది. అదే మరీ కడుపు మండించే సంగతి. పరంధామయ్య పనిచేసే కంపెనీ, ఇక్కడే, ఈ నాచారంలోనే, రెండు వీధుల అవతల, ఒకరోజు గేటుకి కాయితం అంటించి మూసేశాక, ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాక, పక్కింటి సుష్మ పురిటికి పుట్టిల్లు లేదని తనే వంట చేసి పెట్టింది. శొంఠి, వెల్లుల్లి, ధనియాలు, వాము, నేతిలో వేయించిన రెండు ఎండు మిరపకాయలు. వేడన్నంలో మొదటి ముద్ద అదే. సుష్మ తల్లి లేని పిల్ల, ఆ ముద్ద తింటూ ఏడ్చింది, కారానికి అని చెప్పింది. ఆ సుష్మ చెబితే ఇంకొకరు, ఆ ఇంకొకరు చెబితే రామంతపూర్ నుంచి ఒకరు, నాగోలు నుంచి ఒకరు, తొమ్మిదో నెల వచ్చిందంటే చాలు ఇంటి ముందు ఎవరి అమ్మో ఎవరి అత్తో గిన్నె పట్టుకుని. సాంబయ్య కొట్లో పెడతానన్నాడు. ఉప్పల్ రింగురోడ్డుకి ఇవతల కిరాణా కొట్టు, జనగామ నుంచి వచ్చి పెట్టుకున్నాడు, ‘అమ్మా, మీ పొడి పెట్టినంక నా దుకాణానికి ఆడోళ్ళు వస్తున్రు, ఇన్నొద్దులు సిగరెట్లకొచ్చేటోళ్ళే’ అని మురిసిపోయేవాడు. ఆ సాంబయ్యే, టీవీలో వచ్చిన మర్నాడు, మిగిలిన పొట్లాలన్నీ గోనెసంచీలో కుక్కి గుమ్మంలో దించి, తల వంచుకుని నిలబడ్డాడు. ‘తప్పుగా అనుకోవద్దమ్మా. నిన్న ఇద్దరొచ్చి కౌంటర్ మీద గుద్దిపోయిన్రు. నాకు పిల్లలున్నరు.’ కోపం వచ్చింది, వాడి మీద కాదు, ఎవరి మీదో, వాడు వెళ్ళాక సంచీని కాలితో తన్నింది, బొటనవేలు వాచింది.

మురళీధర్ నవ్వు మళ్ళీ వినపడింది. ఈ నవ్వే. ఈ నవ్వుతోనే వచ్చాడు. పరంధామయ్యతో పాటు ఆ మూతపడ్డ కంపెనీలో పనిచేసినాయన కొడుకు, చిన్నప్పుడు ముక్కు చీదించిన పిల్లాడు, కారు దిగి చెప్పులు బయట విడిచి వంటింటి గడపలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ‘పిన్నీ, పొడేసి అన్నం పెట్టు’ అన్నాడు. పెట్టింది. నెయ్యి వేసి పెట్టింది. తిన్నంతసేపూ కళ్ళు మూసుకుని తల ఆడించాడు, ఆ తల ఆడించడం చూసి పొంగిపోయింది, పొంగక ఏం చేస్తుంది, ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా అన్నం తింటున్న మనిషి ఒక్కనాడు బాగుందని తల ఆడించి ఎరగడు. ‘నీ పేరు ఒక్క వీధిలో ఉండాల్సింది కాదు పిన్నీ. నాకివ్వు. అమ్మొద్దు, అమ్మమని నేను అడగను, పేరు ఎప్పటికీ నీదే, నేను వాడుకుంటాను, వాడుకున్నందుకు నెలనెలా ఇంతని ఇస్తాను. నువ్వు కష్టపడక్కర్లేదు.’ పేరు ఎప్పటికీ నీదే. ఎంత బాగా అన్నాడు! అన్నం తింటూ అన్నాడు. తర్వాత ఇంగ్లీషులో దస్తా కాయితాలు. ఫోటో తీయించడానికి స్టూడియోకి తీసుకెళ్ళి, ఎవరిదో గద్వాల చీర కట్టించి, బొట్టు పెద్దది చేయించి, ‘పురిటి మంచం మీద కూతురికి ముద్ద కలుపుతున్నట్టు నవ్వండి మేడమ్’ అన్నాడు ఫోటో తీసేవాడు. అలాగే నవ్వింది. నిజంగానే ధనశ్రీని తలుచుకుని నవ్వింది. ఆ నవ్వునే వేసుకున్నారు, వాళ్ళ బూడిద మీద, వాళ్ళ రంగు మీద, బూజుపట్టి ఎవరూ కొనని కాయలు తెచ్చి ఎర్రదనం కోసం సీసం కలిసిన రంగు పట్టించిన ఆ చెత్త మీద, తన కూతురి కోసం నవ్విన నవ్వు అంటించి అమ్మారు.

“మంచినీళ్ళు తాగుతావా?” అన్నాడు పరంధామయ్య పేపరు దించకుండానే.

“వద్దు.”

“ఊరికే ఆవేశపడకు. సంతకం పెట్టేస్తే అయిపోతుంది. ఇల్లు మిగుల్తుంది.”

ఇల్లు. మిషన్లకి అప్పు కావాలి, పేరు పిన్నిది కాబట్టి బ్యాంకువాళ్ళు పిన్ని హామీ కూడా అడుగుతున్నారు అని మురళీధర్ వస్తే, బీరువాలోంచి ఇంటి దస్తావేజు తీసి ఇచ్చింది ఎవరు? ఈయనే. సంతకం ఇక్కడ పెట్టు అని వేలు పెట్టి చూపించింది ఈయనే. ఇప్పుడు ఆవేశపడకు అంటాడు. ఈయన జీవితంలో ఎప్పుడైనా ఆవేశపడ్డాడా అసలు, కంపెనీ మూసేసినప్పుడు మిగతావాళ్ళు గేటు దగ్గర టెంటు వేసుకుని కూర్చుంటే ఈయన ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ గోడకి తలనూనె మరక ఇంకా ఉంది, సున్నం వేయించినా పైకి తేలుతుంది. ఆ గోడ పోతుందని ఈయన బెంగ. పాపం అనిపించింది. పాపం అనిపించినందుకు మళ్ళీ కోపం వచ్చింది. ఎవరి మీదా నిండుగా కోపం తెచ్చుకోనివ్వరు, అందరికీ ఏదో ఒక పాపం ఉంటుంది, సాంబయ్యకి పిల్లలు, ఈయనకి గోడ, మురళీధర్‌కి కూడా ఏదో ఉండే ఉంటుంది, వాళ్ళమ్మని అడిగితే చెబుతుంది.

ఒకసారి ఇక్కడికి వచ్చింది. లోపలికి కాదు, గేటు దాకా. రామంతపూర్ నుంచి ఎవరో పొడి రంగు వేళ్ళకి అంటుకుని సబ్బుతో కడిగినా పోవడం లేదని చెబితే, ఆటో ఎక్కి ఎండలో వచ్చింది. గేటు పక్క గోడ మీద తన ముఖం, మనిషెత్తున, ఆ నవ్వు, ఆ బొట్టు. దాని కింద స్టూలు వేసుకుని వాచ్‌మన్ రాజయ్య. తనని చూశాడు, గోడని చూశాడు, మళ్ళీ తనని చూశాడు, లేచి నిలబడ్డాడు. ‘నువ్వే కదమ్మా.’ ‘నేనే, తలుపు తియ్యి.’ రాజయ్య కదల్లేదు. ‘సారు లేడమ్మా. సారు లేనప్పుడు ఎవల్ని లోపలికి పోనియ్యద్దన్నరు. నిన్ను గూడ పోనియ్యద్దన్నరు, పేరు వెట్టి చెప్పిన్రు.’ పేరు పెట్టి చెప్పారట! నీడలో స్టూలు జరిపాడు, మంచినీళ్ళిచ్చాడు, ‘నా నౌకరి పోతదమ్మా, జర సమజ్ చేసుకో’ అన్నాడు. ఫోను చేస్తే మురళీధర్ బెంగళూరులో ఉన్నానన్నాడు, లోపల వాడి కారు కనపడుతోంది. అరగంట కూర్చుంది తన బొమ్మ కింద తనే, దారినపోయేవాళ్ళు ఇద్దర్నీ పోల్చుకుంటూ పోయారు. తర్వాత ముగ్గురి చేత కబురు పెట్టింది, మళ్ళీ మళ్ళీ అడిగింది, వాడు నెలకోసారి ఇంటికొచ్చి ‘ఎందుకు పిన్నీ ఎండలో పడి రావడం, చెబితే కారు పంపనా’ అనేవాడు, కారు రాలేదు. కేసు వచ్చింది. పోలీసులు వచ్చినరోజు వంటింట్లో చారు పొంగిపోతోంది. కమలకుమారి ఒప్పందం అంతా చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ‘సరుకు ఎలా తయారవుతోందో ఎప్పుడైనా చూసే హక్కు పేరు గల మనిషికి ఉంటుంది అని రాసుంది పిన్నిగారూ. హక్కుంది కాబట్టి బాధ్యతా ఉందంటుంది కోర్టు.’ గేటు దగ్గర మంచినీళ్ళు తాగి వచ్చాను కదమ్మా అంటే, ‘అది కాయితం మీద లేదు, హక్కు కాయితం మీద ఉంది’ అంది. ఆ అమ్మాయి మీద కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. కానీ ఆ కాయితం మీద, ఆ ఇంగ్లీషు మీద, హక్కు అని రాసి గేటు మూసేసిన ఆ తెలివి మీద కోపం, మింగుడుపడదు, కక్కడానికీ రాదు.

ఇంకో టీ వెళ్ళింది లోపలికి. కొనేవాళ్ళలో తేజేష్ అనే కుర్రాయన, ఇస్త్రీ చొక్కా, కాస్త ఒంగి మాట్లాడతాడు, పెద్దవాళ్ళంటే గౌరవం. పోయిన వారం ఇంటికొచ్చి చక్కగా వివరించాడు. ‘మేడమ్, పేరుకి ఎప్పుడూ విలువుంటుంది. చెడ్డపేరుకి కూడా. జనానికి మీ పేరు తెలుసు, ఎందుకు తెలుసో కొన్నాళ్ళకి మర్చిపోతారు. రెండేళ్ళు పడుకోబెడతాం. తర్వాత కొత్త ప్యాకింగ్‌తో లేపుతాం. మీ ఫోటోనే ఉంచుతాం, కాస్త వయసు తగ్గించి గీయిస్తాం.’ రెండేళ్ళు పడుకోబెడతారట, పిల్లని జోకొట్టినట్టు. వాళ్ళిచ్చే డబ్బు తిన్నగా బ్యాంకుకి పోతుంది, ఇల్లు విడిపోతుంది, తనకి చేతికి ఏమీ రాదు, రానక్కర్లేదు. కానీ దానితో పాటు ఇంకో కాయితం ఉంది. ఆ కాయితమే కమలకుమారి రెండుసార్లు చదివి వినిపించింది, రెండోసారి గొంతు తగ్గించి. త్రిపురసుందరి అన్న పేరు మొదటి రోజు నుంచీ మురళీధర్ ఫర్మ్‌దేనట. ఆ పేరు పెట్టుకున్నది వాళ్ళేనట. ఈమె ఫోటో దిగడానికి కూలి తీసుకున్న మనిషట, అంతకుమించి ఏ సంబంధమూ ఎప్పుడూ లేదట. ఆ మాట తను ఒట్టు పెట్టి కోర్టులో చెబితే కేసులోంచి తన పేరు తీసేస్తారు. ఇకమీదట తను గానీ తన పిల్లలు గానీ ఏ తినే వస్తువుకీ ఆ పేరు వాడకూడదు. ‘చట్టప్రకారం మీకిది మంచి దారే పిన్నిగారూ,’ అంది కమలకుమారి, ‘నచ్చిందా అని మాత్రం నన్ను అడక్కండి.’

కేసులోంచి తీసేస్తే ఆ కేసు ఎవరి మీద నడుస్తుంది? ఆ ప్రశ్న రాత్రంతా కాదు, వారం నుంచీ కూర్చోనివ్వడం లేదు. ఫర్మ్ మీద నడుస్తుంది. ఫర్మ్‌లో ఏముంది? ఈ ఎర్రటి నుసి ఉంది, తుప్పు పట్టిన రెండు మిషన్లున్నాయి, అవి కూడా బ్యాంకువి. మురళీధర్ ఇల్లు భార్య పేరు మీద, కారు బావమరిది పేరు మీద. కొనేవాళ్ళకి పేరు కావాలి, పేరు చేసిన పాపం అక్కర్లేదు, వడ్లగింజ ఒలుచుకుని ఊక వదిలేసినట్టు ఒలుచుకుపోతారు. మల్లవ్వకి ఊక మిగుల్తుంది.

మల్లవ్వ. కోర్టు వరండాలో, వాయిదా రోజున, నీడ లేని చోట, నేల మీద కూర్చుని ఉంది. నాచారంలో మందుల కంపెనీలో ఊడ్చే పని, సిద్దిపేట అవతల ఊరు. లేచి తన దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది. అప్పటికి తిట్లు అలవాటయ్యాయి, ఎవడో ఇంటి గోడ మీద బొగ్గుతో ఆంధ్రా దొంగల్లారా అని రాసిపోయాడు, కూరలబండి వాడు చిల్లర చేతికివ్వకుండా బండి మీద పెట్టాడు. మల్లవ్వ తిట్టలేదు. ముఖంలోకి చాలాసేపు చూసింది.

“నువ్వేనా అమ్మా, గా పొట్లం మీదున్న ఆమెవు?”

“నేనే.”

“నీ మొఖం జూసే కొన్న. దుకాణంల ఇంకా రెండు మూడు రకాలుండె. ఈమె ఎవలో గాని పురుళ్ళు వోసిన చెయ్యి లెక్కున్నదని నేనే ఏరుకొని కొన్న. నా బిడ్డ త్రివేణికి నా చేతులతోని కలిపి పెట్టిన. వద్దమ్మా వాసనొస్తున్నదంటే మందులెక్క తినాలె అని కొట్టి తినిపిచ్చిన.” ఆగింది. “తిట్టనీకె వచ్చిన నేను. నీ మొఖం జూస్తే ఇప్పటికీ గట్లనే అనిపిస్తున్నది. ఏం తిట్టాలె?”

ఆ త్రివేణి నెల్లాళ్ళు దవాఖానాలో పడుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. పాలు ఆగిపోయాయి, పసిదాన్ని వేరే ఇంట్లో ఉంచి డబ్బాపాలు పట్టారు, తిరిగొచ్చాక ఆ పిల్ల తల్లి దగ్గరికి పోవడానికి ఏడ్చిందట, ఎవరో అనుకుని. ఇప్పటికీ వారం వారం దవాఖానాకి పోవాలి, ఆటోలో, మల్లవ్వ కూలి మానుకుని. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు, అందరి పేర్లూ కోర్టులో చదివారు, త్రిపురసుందరి విన్నది, ఒక్కో పేరూ నిండుగా చదివారు, తనకెందుకో ధనశ్రీ పేరు కూడా వస్తుందేమోనని గుండె కొట్టుకుంది, ధనశ్రీ పురుడు ఏనాడో అయిపోయింది, ఆ పిల్ల తిన్నది తన చేతి పొడి, అయినా కొట్టుకుంది. మరి ఆ చేయి తనది కాదని ఒట్టు వేయాలి ఇవాళ. ముఖం తనదే కానీ పేరు తనది కాదని. అద్దెకి తెచ్చుకున్న చీర కట్టుకుని కూలికి నవ్విన మనిషిని అని. దయ కాదు ఇది, మల్లవ్వ మీద జాలి కాదు, జాలిపడితే ఏడుపు రావాలి, రావడం లేదు, పళ్ళు నూరుకుంటోంది. నా పేరు నాది కాదని నా చేత అనిపించడానికి వీళ్ళెవరు? అమ్మ సుందు అని పిలిచిన పేరు. పాడుచేశారు, సరే, పాడైపోయింది, బొగ్గుతో రాశారు, బండి మీద చిల్లర పెట్టారు, పాడైనా నాదే కదా. పిల్ల చెడిపోయిందంటే ఇది నా పిల్ల కాదు అనే తల్లులున్నారు లోకంలో, ఉంటే ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి వచ్చి ముఖానికి తగిలింది. “రండి పిన్నిగారూ,” అంది కమలకుమారి. పరంధామయ్య పేపరు నాలుగు మడతలు పెట్టి ముందుగా లేచాడు.

బల్ల మీద కాయితాలు పరిచి ఉన్నాయి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపుపచ్చ చీటీలు అంటించారు. తేజేష్ లేచి కుర్చీ జరిపాడు, పెన్ను మూత తీసి ఇచ్చాడు. మురళీధర్ “పిన్నీ, ఈ ఒక్క పూటతో పీడ వదిలిపోతుంది, దసరాకి మా ఇంటికి రావాలి నువ్వు” అన్నాడు. ఆమె కూర్చోలేదు. పెన్ను తీసుకుంది, చేతిలో పట్టుకుని చూసింది, బల్ల మీద పెట్టింది.

“ఈ కాయితం మీద సంతకం పెడితే, మల్లవ్వ కూతురికి ఎవరిస్తారు?”

“ఎవరు మేడమ్?” అన్నాడు తేజేష్.

“త్రివేణి. మీకు పేర్ల మీద మంచి పట్టుంది కదా నాయనా, ఆ పేరు వినలేదా?”

తేజేష్ కమలకుమారి వైపు చూశాడు, ఆ అమ్మాయి తన ఫైలు వైపు చూసుకుంది. మురళీధర్ చేత్తో గాలిని తోసేశాడు. “అవన్నీ ఫర్మ్ చూసుకుంటుంది పిన్నీ, కోర్టులో ఏళ్ళ తరబడి సాగుతాయవి, నీకెందుకు?”

“ఫర్మ్ అంటే ఎవరు, నువ్వేనా? నీ దగ్గరేముంది, వేసుకున్న చొక్కా అయినా నీ పేరు మీదే ఉందా?”

“పిన్నీ!”

“పిన్నీ గిన్నీ అనకు. నా ఇంట్లో నా నెయ్యి పోసుకుని తిని, నన్ను గేటు బయట ఎండలో కూర్చోబెట్టావు. నీ వాచ్‌మన్‌కి ఉన్న సిగ్గు నీకు లేదు, వాడు మంచినీళ్ళన్నా ఇచ్చాడు. విను. ఈ పేరు మొదటి రోజు నుంచీ నాదే. బాగున్నప్పుడు నాదే, కుళ్ళినప్పుడూ నాదే. కేసయ్యేదాకా నాదే. నేను అమ్మను.”

గొంతు ఇంత పెద్దదని ఆమెకే తెలియదు. అద్దాల అవతల ఎవరో ఆగి చూస్తున్నారు. మురళీధర్ లేచాడు, ముఖం కందగడ్డలా అయింది. “నువ్వు సంతకం పెట్టకపోతే ఇల్లు వేలం వేస్తారు, తెలుసా? రేపు రోడ్డు మీద పడితే నా దగ్గరికి రాకు. ఏం చూసుకుని నీకింత పొగరు?” అన్నాడు. ఏం చూసుకుని, నిజమే, ఏముంది చూసుకోడానికి అనుకుంది, పొగరు మాత్రం ఉంది, యాభై ఎనిమిదేళ్ళు ఎక్కడుందో ఈ పొగరు.

“వేలం వేస్తే బ్యాంకు బాకీ పోగా ఏమైనా మిగుల్తుందా అమ్మా?” అంది కమలకుమారితో.

“ఉప్పల్లో స్థలాల రేట్లు పెరిగాయి,” అంది కమలకుమారి మెల్లగా. “మెట్రో పడుతోంది కదా. మిగలచ్చు.”

“మిగిలింది ఆ పిల్ల వైద్యానికి పోవాలి, మిగతావాళ్ళకీ పంచాలి. కోర్టులో నేనే చెబుతాను, ఆ గేటు సంగతీ చెబుతాను. రాజయ్య వస్తాడో రాడో, అడుగుతాను. దానికి ఏం కాయితం రాయాలో రాయి. తెలుగులో రాయి.”

“పిన్నిగారూ, మీకు శిక్ష పడచ్చు. జరిమానా ఒక్కటే అని నేను మాటివ్వలేను.”

“మాటివ్వమని అడగలేదు.”

తేజేష్ పెన్నుకి మూత పెట్టుకున్నాడు. మర్యాద తెలిసినవాడు, వెళ్ళేటప్పుడు నమస్కారం కూడా పెట్టాడు, ‘మీ నిర్ణయం మార్చుకుంటే ఫోన్ చేయండి మేడమ్’ అన్నాడు. మార్చుకుంటే. ఆ మాట మెట్లు దిగేదాకా చెవిలో జోరీగలా తిరిగింది, మార్చుకుంటానేమో, రేపు పొద్దున లేచేసరికి భయం వేసి మార్చుకుంటానేమో, అందుకే ఇవాళే, ఈ కోపం ఉండగానే కాయితం రాసిచ్చేయాలి, సాయంత్రమే రమ్మంది కమలకుమారిని, ఆ అమ్మాయి వస్తానంది, వెళుతూ వెళుతూ ఆమె చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

రోడ్డు మీద ఎండ దంచుతోంది. షిఫ్టు మారే వేళ, మోటారుసైకిళ్ళు, మందుల కంపెనీల వాసన, లారీల దుమ్ము. పరంధామయ్య నాలుగడుగులు ముందు నడుస్తున్నాడు, వెనక్కి చూడటం లేదు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. బస్టాపు దగ్గర హఠాత్తుగా ఆగి వెనక్కి తిరిగాడు.

“నన్ను ఒక్క మాట అడిగావా?” అరిచాడు. నిజంగానే అరిచాడు, నడిరోడ్డు మీద, జొన్నపొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపింది. “ఇల్లు నాదీ కాదా? నేను కట్టలేదా? ఇటుకలు మోశాను నేను, ఆదివారాలు నీళ్ళు కొట్టాను! పేరు నీదైతే ఇల్లు నాది కాదా? ఒక్క మాట అడిగావా నన్ను?”

అడగలేదు, నిజమే. ఈ మనిషికి ఇంత గొంతుందని కూడా తెలియదు. తిరిగి అరవాలనిపించింది, దస్తావేజు తీసిచ్చినప్పుడు నువ్వు నన్ను అడిగావా అని, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఆయన గుప్పిట్లో పేపరు నలిగిపోయి ఉంది, చూసి మింగేసింది. మింగడానికి చాలా కష్టపడింది.

“అడగలేదు,” అంది. “అడిగితే వద్దంటావని అడగలేదు.”

“వద్దనే అనేవాణ్ణి.”

“తెలుసు.”

బస్సు వచ్చింది. నిండుగా ఉంది. ఎక్కారు, ఆయన ముందూ ఆమె వెనకా. హబ్సిగూడ దగ్గర ఇద్దరు దిగితే ఇద్దరికీ సీటు దొరికింది. బయట రోడ్డు మధ్య మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతులు, అడ్డంగా రేకులు, బస్సు అడుగు కదిలి ఆగుతోంది, మళ్ళీ అడుగు కదిలి ఆగుతోంది. కోపం తగ్గుతుందనుకుంది, అన్నీ అనేశాక, పెన్ను బల్ల మీద పెట్టేశాక. తగ్గలేదు. ఇంకా ఎన్నో అనాల్సింది, టీవీవాణ్ణి అనాల్సింది, సీసం రంగు అమ్మినవాణ్ణి అనాల్సింది, రెండేళ్ళు పడుకోబెడతాం అన్నప్పుడు తేజేష్ మొహాన అనాల్సింది ఒకటుంది, ఇప్పుడు తోస్తోంది. అన్నీ గొంతులోనే ఉన్నాయి. అద్దెకి రెండు గదులు వెతకాలి, మెట్లు లేనివి, ఆయన మోకాళ్ళకి. సామాన్లలో సగం పట్టవు.

కండక్టర్ వచ్చి టికెట్ ఇచ్చి వెళ్ళాడు. పరంధామయ్య ఆ టికెట్‌ని చొక్కా జేబులో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నాకు భయంగా ఉంది,” అన్నాడు, ముందు సీటు కడ్డీ వైపు చూస్తూ.

“నాకూ ఉంది,” అంది ఆమె. “కాస్త జరుగు. కిటికీ వైపు నేను కూర్చుంటాను, ఊపిరాడటం లేదు.”